పడిందా, నిండిందా

2016 జూన్‌లో నన్ను ప్రసవాల వార్డు నుంచి పసిపిల్లల యూనిట్‌కు మార్చారు. ఊరు అమలాపురం. ఆస్పత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. నా హోదా ఆయా. హాజరు పట్టీలో మా పేర్లు అందరికంటే కింద ఉండేవి. "పునాది కింద కాక పైన ఉంటుందా మహాలక్ష్మీ" అని రెండు చోట్లకూ హెడ్ నర్సయిన రత్నకుమారిగారు అంటుండేవారు.

యూనిట్‌ను బయటివాళ్ళు అద్దాల గది అంటారు. గోడ సగం నుంచి పైకి అద్దం ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. లోపల ఆరు వార్మర్లు ఉండేవి. వార్మరంటే పైనుంచి వేడి దిగే పసిపిల్లల మంచం. కామెర్ల పిల్లల కోసం రెండు నీలం లైట్లు ఉండేవి. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గౌను తొడుక్కోవాలి. గుడ్డలు మార్చడం, మంచాలు తుడవడం, తల్లులు పిండిన పాలు తెచ్చి సిస్టర్లకు అందించడం, బిడ్డల్ని లోపలికీ బయటికీ మోయడం నా పని. బరువు రాయడం, మందు వేయడం, షుగర్ చూడడం నర్సుల పని. ఏ బిడ్డ లోపలికి రావాలి, ఏ బిడ్డ తల్లి పక్కన ఉండాలి అన్నది తేల్చేది పిల్లల డాక్టరుగారు.

డాక్టర్లు గర్భాన్ని వారాల్లో లెక్కపెడతారు. నలభై వారాలు పూర్తి కాలం. ముప్పై ఏడు నిండితే నెలలు నిండిన బిడ్డ కిందే లెక్క. ముప్పై నాలుగు లోపు పుడితే మా దగ్గర నేరుగా అద్దాల గదికే. చిక్కంతా ఈ రెండింటి మధ్య పుట్టినవాళ్ళతోనే. చూడటానికి నిండు పిల్లల్లాగే ఉంటారు. వాళ్ళందరికీ అద్దాల గది అక్కర్లేదు. ఒళ్ళు వెచ్చగా ఉండి, ఊపిరి తేలిగ్గా తీసుకుంటూ, పాలు తాగుతుంటే తల్లి పక్కనే ఉంచేవారు. కాకపోతే డాక్టరుగారు ఆ కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో "కనిపెట్టి ఉండాలి" అని రాసేవారు. అంటే మూడు గంటలకోసారి పాలు పట్టాలి, ఒంటి వేడి చూడాలి, షుగర్ చూడాలి, మూడో రోజు నుంచి కామెర్లు చూడాలి. ఎర్ర సిరా ఉన్న బిడ్డ మీద నలుగురి కళ్ళూ ఉండేవి. అది లేకపోతే మామూలు బిడ్డ.

ఆ సిరా నేను చదవగలిగేదాన్ని. నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక రత్నకుమారిగారు పాత కాగితాల వెనకవైపు నేర్పారు. ముందు అంకెలు నేర్పారు. పిల్లల చేతికి కట్టే పట్టీ మీద నంబరు ఉంటుంది, ఎవరి బిడ్డను ఎవరి ఒళ్ళో పెడుతున్నానో నాకు తెలియాలని ఆవిడ ఉద్దేశం. తర్వాత నెలల పేర్లు, వారాల పేర్లు. అ ఆలు అన్నిటికంటే చివర వచ్చాయి. అందుకే ఇప్పటికీ క్యాలెండరు చదివినంత వేగంగా పేపరు చదవలేను.

ఆ ఏడు ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. మా సిబ్బందిలో కొందరు ఆ డ్యూటీ మీద వెళ్ళారు. మిగిలినవాళ్ళం ఒక్కొక్కరం రెండేసి చోట్ల పనిచేస్తున్నాం. పంద్రాగస్టు అయిన రెండో రోజు, బుధవారం ఉదయం, ఐ.పోలవరం అవతలి నుంచి భవాని అనే అమ్మాయిని కాన్పుకు తెచ్చారు. గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట చేపల వేట మీద బతికే కుటుంబం. తొలి కాన్పు. వెంట అత్తగారు మంగాయమ్మ ఉన్నారు. భర్త పడవ మీద వెళ్ళినవాడు ఇంకా ఒడ్డుకు రాలేదు. ఆటో దిగేసరికే నొప్పులు ముదిరిపోయాయి. గంటలో ఆడపిల్ల పుట్టింది. బరువు రెండు కిలోల రెండు వందలు. పుట్టగానే ఏడ్చింది. ఆ హడావిడిలో ఎన్నో నెల అని అడిగితే, "తొమ్మిది పడిందండి" అన్నారట అత్తగారు. షీటు మీద తొమ్మిది నెలలు, నిండు కాన్పు అని రాశారు. ఎర్ర సిరా పడలేదు. బిడ్డ తల్లి పక్కకు వచ్చేసింది.

మధ్యాహ్నం గుడ్డలు మార్చడానికి ఆ వార్డుకు నేనే వెళ్ళాను. పక్క మంచం మీద మురమళ్ళ వాళ్ళ మగపిల్లాడు మూడు కిలోల పైన ఉన్నాడు, వార్డు అదిరేలా ఏడుస్తున్నాడు.

"ఏమండోయ్, మీ వాడి గొంతులో మైకు సెట్టు పెట్టి పంపేరా ఏంటండి?" అన్నారు మంగాయమ్మ.

"ఆయ్, పెట్టేమండి. మైకు లేకుండా మా ఊళ్ళో ఏ పని మొదలవుద్దండి?" అంది ఆ పిల్లాడి అమ్మమ్మ. "మీ పిల్ల ఉందో లేదో కూడా తెలీట్లేదు. అదృష్టం ఉండాలి లెండి."

"మా బంగారుతల్లి బుద్ధిమంతురాలండి. పుట్టినప్పుడు ఏడ్చిందే ఏడుపు. మళ్ళీ కిక్కురుమంటే ఒట్టు. అచ్చం వాళ్ళ నాన్న పోలిక. వాడూ మాటాడడు, వల మాటాడతాది."

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ గుడ్డ మార్చడానికి బిడ్డ కాళ్ళు పట్టుకున్నాను. చల్లగా తగిలాయి.

ప్రసవాల వార్డులో నేను చాలా ఏళ్ళు చేశాను. రత్నకుమారిగారు కొత్త నర్సులకు చెప్పే పాఠాలు పక్కన నిలబడి విన్నదాన్ని. నిండు బిడ్డ చెవిని వేలితో మడిచి వదిలితే టక్కున లేస్తుంది. ఈ పిల్ల చెవి తడిసిన ఆకులా మెల్లగా లేచింది. నిండు బిడ్డ అరికాలి నిండా గీతలుంటాయి. ఈ పిల్లకు ముందువైపే ఉన్నాయి, మడమ దగ్గర నున్నగా ఉంది. పాలు తాగుతోందా అని భవానిని అడిగాను. "నోట్లో పెడితే రెండు గుక్కలు లాగి నిద్దరపోతాందండి. లేపితే లేవట్లేదు. అలిసిపోయిందని ఊరుకున్నాను" అంది.

ఆయా చూసింది షీటు మీదికి ఎక్కదు. ఆయా అనుకున్నది అసలే ఎక్కదు. అందుకని తల్లీబిడ్డల కార్డు అడిగాను. గర్భం వచ్చినప్పటి నుంచి ఊళ్ళో నర్సమ్మ అన్నీ రాసే కార్డు అది. జననం నమోదుకు ఎలాగూ కావాలి, తల్లుల దగ్గర అది పోగుచేసి ఆఫీసులో ఇవ్వడం మా పనే.

"తర్వాత ఇస్తానండి ఆయమ్మగారూ. సంచీలో చీరల అడుగున ఉంది" అన్నారు మంగాయమ్మ, సంచీని కాళ్ళ వెనక్కి జరుపుతూ.

"ఎన్నో నెలండి అమ్మాయికి?"

"తొమ్మిది పడిందండి. ఆయ్."

ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. మా వైపు నెల "పడింది" అంటే మొదలైందని. "నిండింది" అంటే పూర్తయిందని. తొమ్మిది పడితే నిండినవి ఎనిమిదే. ఇక రెండో సంగతి. నేనూ పాయ ఒడ్డున పుట్టినదాన్నే. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అని మా అమ్మావాళ్ళ నమ్మకం. మా ఇంట్లో ఎనిమిదో నెల గర్భిణి ఎదుట ఆ అంకె పలికేవారు కాదు. ఏడు దాటింది అనేవారు, ఆ తర్వాత ఒకేసారి తొమ్మిది పడింది అనేవారు. మంగాయమ్మ నోట వచ్చిన తొమ్మిది ఏ తొమ్మిదో నాకు అనుమానం వచ్చింది.

రికార్డు ఆలస్యమైతే మళ్ళీ తిరగాలని చెప్పి కార్డు తీసుకున్నాను. ఇస్తూ ఆవిడ నా ముఖం చూడలేదు. నర్సుల బల్ల దగ్గర గోడ క్యాలెండరు ఉంది. బల్ల మీద కాగితపు జెండాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆఖరి నెలసరి తేదీ కార్డులో డిసెంబరు ఇరవై ఒకటి అని ఉంది. సోమవారం. వారాల లెక్క ఆ తేదీ నుంచే, అందుకని నేను ఆ తర్వాతి సోమవారాలు లెక్కపెట్టాను. వేలు పెట్టి, పేజీ తిప్పి, మళ్ళీ వేలు పెట్టి. ముప్పై నాలుగో సోమవారం పంద్రాగస్టు మీద పడింది. పైన రెండు రోజులు. రెండోసారి లెక్కపెట్టినా అంతే వచ్చింది. ఎనిమిది నెలలు నిండడానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

డ్యూటీ సిస్టర్‌తో చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కతే రెండు వార్డులు చూస్తోంది. "క్యాలెండరు చదవడం వచ్చేసరికి డాక్టరైపోయేవా ఆయమ్మా?" అని నవ్వి, చేతిలో పని అయ్యాక చూస్తానంది. చెడ్డపిల్ల కాదు. కానీ ఆ చల్లటి కాళ్ళు నా చేతిలోనే ఉన్నట్టుంది. అద్దాల గదికి వెళ్ళి రత్నకుమారిగారికి చెప్పాను. ఒకరిని దాటి పైవారికి చెప్పడం మా ఉద్యోగంలో తప్పు. అది తెలిసే వెళ్ళాను.

రత్నకుమారిగారు కార్డు చూడలేదు. ముందు వచ్చి బిడ్డ పాదాలు పట్టుకున్నారు. తర్వాత మడమ దగ్గర చిన్న సూదితో పొడిచి ఒక చుక్క రక్తం తీసి షుగర్ చూశారు. మిషను ముప్పై ఆరు చూపింది. మా దగ్గర నలభై ఐదుకు తగ్గకూడదు. పొడిచినా బిడ్డ ఏడవలేదు, మూతి ముడిచి మళ్ళీ నిద్రపోయింది. డాక్టరుగారికి కబురు పంపారు.

డాక్టరుగారు కుర్రవాడు, నెమ్మదస్తుడు. గుండె, ఊపిరి చూశారు. కార్డు చూసి వారాలు లెక్కకట్టి, ఎర్ర సిరా పెన్ను తీశారు. రాస్తూ, "ఎనిమిది నెలలు కూడా నిండలేదు కదమ్మా, నిండు కాన్పని ఎవరు చెప్పారు?" అన్నారు.

మంగాయమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నారు. "ఆ మాట అనకండి బాబుగారూ! బిడ్డ వింటాది" అని అక్కడే నేల మీద కూలబడ్డారు. భవాని బిత్తరపోయి చూస్తోంది. కాసేపటికి పెద్దావిడ లేచారు. లేచాక మనిషి వేరు. "అయితే అద్దాల గదిలో ఆ పెట్టెలో పెట్టేయండి. ఇప్పుడే పెట్టండి. లేదంటే చెప్పండి, కాకినాడ పట్టుకుపోతాం. మా మరిది కారు తెస్తాడు."

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. బిడ్డ ఊపిరి బాగుంది. తగ్గినవి రెండే, ఒంటి వేడి, షుగర్. రెండూ ముందు తల్లి దగ్గరే ఇవ్వవచ్చు. పాలు పిండి గిన్నెతో పట్టి, తల్లి గుండె మీద పడుకోబెట్టి, గంటలో మళ్ళీ షుగర్ చూస్తాం. పెరగకపోతే ఆ క్షణమే లోపలికి తీసుకుని గ్లూకోజు ఎక్కిస్తాం, లోపల వార్మరు ఖాళీగా ఉంచుతున్నాం. ఈ వానలో, షుగర్ తగ్గిన బిడ్డను కారులో కాకినాడ దాకా తీసుకువెళ్తే దారే ప్రమాదం.

ఆవిడ వినలేదు. "చేపలోళ్ళ పిల్లకి పెట్టె ఇవ్వరాండి?" అన్నారు. వార్డులో అందరూ ఇటు తిరిగారు. డాక్టరుగారి ముఖం ఎర్రబడింది కానీ మాట తూలలేదు. రత్నకుమారిగారు నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం, నువ్వు మాట్లాడు అని.

నేను మంగాయమ్మ పక్కన కూర్చుని, పాయ అవతల మా పుట్టింటి ఊరు చెప్పాను. మా అమ్మ కూడా ఆ అంకె అనేది కాదని చెప్పాను. ఎందుకు అబద్ధం చెప్పారని అడగలేదు.

"అబద్ధం కాదండి ఆయమ్మగారూ" అన్నారు ఆవిడే. "నాలుగు రోజులు ముందుకి జరిపేనండి, అంతే. నాకు లెక్క తెలుసు. నా మొదటోడు ఆ నెల్లోనే పుట్టేడండి. ఇంటికాడే. ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాం. ఏడుపన్నదే లేదు. మూడో రోజు పొద్దుటికి..." అక్కడ ఆగిపోయారు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి మనవరాలి వైపు చూశారు. మధ్యాహ్నం తాను వార్డంతటికీ ఏం చెప్పుకుని మురిసిపోయారో అప్పుడు గుర్తొచ్చిందని నాకు అనిపించింది.

ఆ బిడ్డకు ఏమైందో నాకు తెలియదు. ఎవరూ చూడలేదు, ఇక తెలిసే దారి లేదు. నేను అన్నది ఇంతే: "అంకె సంగతి నాకు తెలీదండి. ఈ పిల్ల ఏడవకపోవడం బుద్ధి కాదు, ఓపిక లేకపోవడం. ఓపిక పాలతో వస్తాది. గంటసేపు నా మాట వినండి. గంట తర్వాత మీ ఇష్టం."

"గంటేనా?"

"గంటే."

భవానికి పాలు ఇంకా పడలేదు. ముర్రుపాలు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. పిండడం మంగాయమ్మకే అప్పగించాను, చేతులకు పని ఉంటే మనిషి నిలదొక్కుకుంటుంది. చెంచాడు పోగయ్యేసరికి పావుగంట పట్టింది. మరిగించిన ఉగ్గుగిన్నెతో సిస్టర్ పట్టారు, బిడ్డ అరికాలు గిల్లుతూ, నిద్రపోనివ్వకుండా. టోపీ పెట్టి, గుడ్డలు తీసి, తల్లి గుండెల మధ్య బోర్లా పడుకోబెట్టి పైన శాలువా చుట్టాం. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. బిడ్డకు తల్లి ఒళ్ళే వార్మరు. "కంగారుగానే ఉందండి" అంది భవాని. ఆ రోజు ఆ అమ్మాయి ఆడిన మొదటి పరిహాసం అదే. పేరుకు అర్థం అది కాదని తర్వాత చెప్పాను.

గంటకు షుగర్ నలభై తొమ్మిది. ఇంకోసారి పాలు పట్టాక యాభై ఎనిమిది. పాదాలు వెచ్చబడ్డాయి. డాక్టరుగారు తల్లి పక్కనే ఉంచమని రాశారు. మరిది తెచ్చిన కారు వానలో చాలాసేపు నిలబడి, బిడ్డ తండ్రిని ఊరి నుంచి తీసుకురావడానికి వెళ్ళింది.

ఆ తర్వాత పని లెక్కది. మూడు గంటలకోసారి అంటే రోజుకు ఎనిమిది సార్లు పాలు. మంగాయమ్మకు చదువు లేదు. నేను ఒక కాగితం ఇచ్చి, పాలు పట్టినప్పుడల్లా ఒక గీత పెట్టమన్నాను, అంకెలు రాకముందు నేనూ గీతలతోనే లెక్క పెట్టుకునేదాన్ని కనుక. ఒక్కటీ మర్చిపోలేదు ఆవిడ. సిస్టర్ అడిగితే మాత్రం, "ఏడు అయినాయండి, ఇంకోటీ" అనేవారు. "ఏడూ ఒకటీ ఎంతమ్మా?" అని సిస్టర్ ఏడిపిస్తే, "మీకు తెలీదాండి, చదువుకున్నోరు" అని తప్పించుకునేవారు.

మూడో రోజున బిడ్డ ముఖం పసుపు తిరిగింది. పరీక్షలో కామెర్లు హద్దు దాటాయి. అప్పుడు అద్దాల గదికి తీసుకురాక తప్పలేదు. కళ్ళకు గంతలు కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టాం. మంగాయమ్మ పెద్దగా ఏడుస్తారేమో అనుకున్నాను. ఆవిడ అద్దం దగ్గర నిలబడి, "మొన్న పెట్టమంటే పెట్టలేదు, ఇయ్యాల వద్దంటే పెట్టేరు. మీ పద్ధతి మీదండి" అన్నారు. కోపం కాదు, వేళాకోళం. మూడు గంటలకోసారి పాలు నా చేతికి ఇచ్చి, బయట బల్ల మీద కూర్చుని గీత పెట్టుకునేవారు.

ఇరవై ఒకటో తేదీ ఆదివారం బిడ్డ బయటికి వచ్చింది. లోపల ఉన్నది ఒకటిన్నర రోజు. తల్లి పక్కన పడుకోబెట్టి, "మంగాయమ్మగారూ, మీరు చెప్పిన తొమ్మిది ఇవాళ పడిందండి" అన్నాను. ఆవిడ కాసేపు లెక్క చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ సాయంత్రం పాలు పట్టాక కాగితం తెచ్చి నాకు చూపించారు. గీతల మీద వేలు ఆనిస్తూ చివరిదాకా వచ్చారు. "ఎనిమిది అయినాయండి" అన్నారు. గొంతు చిన్నదే కానీ మాట స్పష్టంగా ఉంది. భవాని తలెత్తి అత్తగారి వైపు చూసింది. పట్టిన పాలు చాలక పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. మురమళ్ళ వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు, లేకపోతే ఏదో ఒకటి అనేవారు.

మరో మూడు రోజులకు బరువు పెరగడం మొదలయ్యాక ఇంటికి పంపారు.

ఆ వారంలోనే రత్నకుమారిగారు కాన్పు గదిలో పద్ధతి మార్చారు. ఎన్నో నెల అని అడిగి ఊరుకోకూడదు, కార్డులో తేదీ చూడాలి, కార్డు లేకపోతే రెండో ప్రశ్న వేయాలి. ఆ ప్రశ్నను అట్ట మీద నా చేత రాయించి గోడకు పెట్టించారు: పడిందా, నిండిందా? "నిం" దగ్గర సున్న మర్చిపోయాను. ఆవిడ ఎర్ర సిరాతో చేర్చారు. నేను రిటైరయ్యే నాటికి కూడా అట్ట అక్కడే ఉంది.

కొంచెం ముందు పుట్టిన బిడ్డకు అద్దాల గది కావాలా అని ఇప్పటికీ చుట్టాలు నన్ను అడుగుతారు. నేను డాక్టరును కాను. చూసింది చెబుతాను. కొందరికి కావాలి, ఊపిరి ఎగపోసే బిడ్డను క్షణం ఆపకూడదు. చాలామందికి అక్కర్లేదు, ఊరికే లోపల పెడితే తల్లికి పాలు వెనకపడతాయి, బిడ్డకు ఒళ్ళు దూరమవుతుంది. మా భవాని కూతురికి మొదటి రోజు అక్కర్లేదు, మూడో రోజు కావలసి వచ్చింది. అది ముందే ఎవరూ చెప్పలేకపోయారు. కనిపెట్టి ఉన్నాం కాబట్టి తెలిసింది. కనిపెట్టి ఉండాలంటే ముందు సరైన వారం తెలియాలి. ఆవిడ భయంతో జరిపింది నాలుగు రోజులు. తొందరలో మేము జరిపింది నెల.

ఆ రోజు నుంచి వార్డులోకి వెళ్తే నేను ఏడవని బిడ్డ దగ్గరికి ముందు వెళ్ళేదాన్ని. ఏడ్చే బిడ్డ ఓ నిమిషం ఆగగలదు.